అనసూర్య ముక్కు

దేవవ్వ గంజిగరిటె తెచ్చి కోడలి ముక్కు కింద పెట్టిందంటే ఆ ఇంట్లో తెల్లవారినట్టు. అనసూర్య ఇంకా ముఖం కూడా కడుక్కుని ఉండదు, పక్కలో కూతురు నర్మద ఒత్తిగిలి పడుకునే ఉంటుంది, ఈలోగా గరిటె వచ్చేస్తుంది. "సూడు పిల్లా, ఎట్లుంది?" అంటుంది అత్త. అనసూర్య ఒక్కసారి పీల్చి "మంచిగుంది అత్తా" అంటే బయట పనులు కదులుతాయి. "దాటింది" అంటే ఆ కుండెడు గంజీ గేదెల కుడితిలోకి పోతుంది. మరునాటికి మళ్లీ పొయ్యి వెలిగించాలి, మళ్లీ పిండి కలపాలి. అది కూడా అనసూర్యే చెయ్యాలి.

మంథని సాలెవాడలో పొద్దు పొడవకముందే వీధి పొడుగునా పడుగులు పరుస్తారు. రెండు కొసలా గుంజలకు బిగించిన నూలు మీద గంజి పూసి, కుంచెతో దువ్వుకుంటూ ఇంటిల్లిపాదీ నడుము వంచి ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతారు. ఎండ ఎక్కేలోపల ఆ పని ముగియాలి. గంజి ముందురోజే కాచి ఉంచాలి. రాత్రంతా నాని దానికి ఒక పిసరు పులుపు అందుకోవాలి. ఆ పులుపు దాటి పాడైతే మాత్రం పోగుకు పట్టు ఉండదు. మగ్గం ఎక్కాక నూగు లేచి పుటుక్కు పుటుక్కున తెగుతుంది. అది కంటికి తెలియదు, చేతికీ తెలియదు. ముక్కుకే తెలియాలి.

దేవవ్వకు ముక్కు ఏనాడో పోయింది. ఆమె రొండిన ఎప్పుడూ నస్యం డబ్బీ ఉంటుంది. ఆమె కొడుకు, అనసూర్య భర్త భూమన్నకు బీడీ పొగ తప్ప మరో వాసన పట్టదు. కొత్తకోడలిగా చెన్నూరు నుంచి వచ్చిన రోజుల్లో అనసూర్య ఒక పొద్దున నోరు జారి "గీ గంజి పాడైంది అత్తా" అన్నది. నిన్న గాక మొన్న వచ్చి నాకు చెప్పేదానివా అని దేవవ్వ కసిరింది. ఆ గంజే పూశారు. ఆ పడుగు తెగి తెగి వారమంతా ఏడిపించింది. ఆనాటి నుంచీ అనసూర్య ముక్కు ఆ ఇంటి సామానులో చేరింది. పక్కింటి రామవ్వ కూడా గిన్నె పట్టుకుని వచ్చేది. "మా ఇంటి ముక్కు" అని దేవవ్వ నలుగురిలో అనేది, మా ఇంటి గేదె, మా ఇంటి బావి అన్నట్టే. ముక్కు ఎవరి ముఖం మీద ఉందో ఎవరికీ పట్టలేదు.

ఆ ఏడు పుష్యమాసంలో గోదావరి మీది నుంచి మంచు వీధుల్లోకి దిగింది. వాడంతా తుమ్ములు, దగ్గులు. అనసూర్యకూ సర్ది పట్టింది. నాలుగు రోజులు కారి, తగ్గుముఖం పట్టింది కూడా. తగ్గిందిలే అనుకున్న పొద్దున్నే అది వెనక్కి తిరిగి వచ్చింది, ఈసారి ఒక్క పక్కకే. ఎడమ బుగ్గ లోపల ఎవరో ఇసుక నింపి మూట కట్టినట్టు బరువు. ఎడమ ముక్కులోంచి పచ్చగా చిక్కగా కారేది. కొంత గొంతులోకి దిగి నోరంతా చేదయ్యేది. పై పళ్లు అన్నీ ఒక్కసారే సలిపేవి. సాయంత్రానికి ఒళ్లు కాలేది. నిలబడితే ఎలాగో ఓర్చుకునేది. వంగితే మాత్రం నొప్పంతా బుగ్గలోంచి కంటి వెనక్కి దొర్లుకుంటూ వచ్చి గుద్దేది. ఆమె బతుకేమో వంగడమే. పడుగు దగ్గర వంగాలి, పొయ్యి దగ్గర వంగాలి, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేటప్పుడు వంగాలి, భూమన్న మగ్గం గుంటలోంచి "కండె" అని కేకేస్తే వంగి చేతికి అందించాలి. రోజుకు ఎన్నిసార్లు వంగుతుందో ఆమెకు అంతకుముందు తెలియదు. ఆ జబ్బు వచ్చాకే తెలిసింది.

దవాఖానకు పోతానని మొదట అడిగినప్పుడు భూమన్న నవ్వాడు. "సర్ది గూడ ఒక రోగమేనా? నాకు రాలేదా, మగ్గం దిగిన్నా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే అనసూర్యకు కొంత నయంగా ఉండేదేమో. దేవవ్వ తన డబ్బీ తీసి చిటికెడు నస్యం కోడలి ముక్కులో పెట్టి పీల్చమన్నది. తుమ్మి తుమ్మి దిగిపోతదన్నది. తుమ్మిన ప్రతిసారీ అనసూర్య కళ్ల ముందు నిప్పులు రాలాయి. దిగింది ఏమీ లేదు. లోపల ఇంకా గట్టిగా బిగుసుకుంది.

పళ్లు కూడా సలుపుతున్నాయని చెప్పడం ఆమె చేసిన తప్పు. పన్ను నొప్పి అంటే ఇంట్లో అందరికీ అర్థమయ్యే నొప్పి. ముందుగాల చెప్తే అయిపోవు గదా అని భూమన్న ఆ వారం అంగడికి తానే తీసుకుపోయాడు. గొంగడి మీద పటకార్లు పరుచుకుని కూర్చున్న పళ్లు పీకేవాడి ముందు ఆమె నోరు తెరిచింది. వాడు తడిమి, ఏ పన్ను తట్టినా అబ్బా అంటుంటే, వాటిలో అన్నిటికన్నా వెనకదాన్ని ఊడబెరికాడు. వేళ్లతో సహా వచ్చిన పన్ను తెల్లగా, బియ్యపు గింజలా ఉంది. వాడు దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "ఇది మంచిగనే ఉండెనే" అని, పక్కనున్నవాళ్లు నవ్వితే తానూ నవ్వాడు. భూమన్న కూడా నవ్వాడు. ఇంటికి వస్తుంటే దారంతా ఆమె నోట్లో నెత్తురు, బుగ్గలో అదే సలపరం. అయిపోయింది గదా, ఇగ రేపటి నుంచి మూలుగుడు బంద్ అన్నాడతను. మంచి పన్ను పోయిందన్న దుఃఖం కన్నా, ఇక మీదట నొప్పి అని చెప్పుకోవడానికి పేరు కూడా మిగల్లేదన్న దుఃఖం ఆమెకు ఎక్కువైంది.

అప్పటి నుంచి ఆమె రోజూ దువ్వెన పెట్టె మూతలోని చిన్న అద్దంలో ఎడమ కంటి రెప్ప చూసుకోసాగింది.

దానికి కారణం తారాబాయి. అనసూర్యకు ఒక్కతే అక్క. ఆసిఫాబాద్ దిక్కు ఇచ్చారు. అనసూర్యకు ఇంకా పెళ్లి కాకముందు ఒక చలికాలం తారాబాయి తలకు గుడ్డ కట్టుకుని చెన్నూరుకు వచ్చింది. సర్ది అన్నది. తలనొప్పి అన్నది. గోడకు చేరగిలబడి కూర్చునేదే తప్ప తల దించేది కాదు. బాపు ఏదో కషాయం కాచి ఇచ్చాడు. రెండు రోజులు కాలేదు, బావ వచ్చాడు, ఇంట్లో పని ఆగిపోయిందని. ఆ పొద్దున అక్క ఎడమ కన్ను రెప్ప కందగడ్డలా ఉబ్బి ఉంది. పోకు అక్కా అని అనసూర్య కొంగు పట్టుకుంటే, "ఏం కాదు చెల్లె, సర్ది గదా, పోతది. నువ్వు ఫికర్ చెయ్యకు" అని బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, ఒక చేత్తో ఆ కన్ను మూసుకుని రెండో చెయ్యి ఊపింది. బస్సు కదిలి మలుపు తిరిగే దాకా అనసూర్య ఆ చేతినే చూసింది. ఊపుతున్న చెయ్యి కాదు, కన్ను మూసుకున్న చెయ్యి. మళ్లీ ఆ బస్సొచ్చిన నాడు అందులో మనిషి వచ్చి, అక్క పోయిందని కబురు చెప్పాడు. ఏమైందని బాపు అడిగితే, తలనొప్పి అన్నారు. తలనొప్పికి మనిషి చచ్చిపోతుందా అని ఎవరూ అడగలేదు. ఆడవాళ్ల తలనొప్పికి అంతకన్నా పెద్ద ప్రశ్న వెయ్యడం ఎవరికీ అలవాటు లేదు.

అందుకే అద్దం. అందుకే రెప్ప.

ఒకనాటి పొద్దున దేవవ్వ గరిటె పట్టుకొస్తే అనసూర్య పీల్చింది. ఏ వాసనా రాలేదు. రాత్రంతా నిద్ర లేదు, జ్వరం, చెవుల్లో హోరు. చెడు వాసన లేదు కనుక మంచిదే అనుకుంది. ముక్కు పనిచేసినన్నాళ్లూ ఆమెకు వాసన లేకపోవడం అన్నది ఎలా ఉంటుందో తెలియదు కదా. "మంచిగుంది అత్తా" అన్నది. వాడలో చెయ్యి ఖాళీగా ఉన్నవాళ్లంతా, మూసుకుపోయిన ముక్కులతోనే, కుంచెలు పట్టారు. పొద్దెక్కేసరికి పడుగు ఆరింది, మరునాడు మగ్గం ఎక్కింది.

ఎక్కిన పూటే తెగడం మొదలైంది. సంఘం నుంచి తెచ్చిన నూలు అది, సన్నపు పోగు. భూమన్న ఒక పోగు ముడి వేస్తే పక్కన నాలుగు లేచేవి. మధ్యాహ్నానికి అతను గుంటలోంచి లేచి వచ్చి, కుండలో మిగిలిన గంజి తీసి వీధిలో కుమ్మరించాడు. అటుగా పోతున్న రామవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇదేం కంపు అన్నది. రామవ్వకు కూడా తెలిసిన కంపు అది. వాడంతా గుమ్మాల్లోకి వచ్చింది. కావాలనే చేసిందని దేవవ్వ, పన్ను పీకించిన కసి తీర్చుకుందని భూమన్న, తలొక మాటా అన్నారు. అనసూర్య ఆ మురికి ముందు నిలబడి, వంగి మరీ పీల్చింది. కంటి వెనక గుద్దింది. వాసన మాత్రం లేదు.

"నాకు వాసన వస్తలేదు" అన్నది.

నొప్పి అన్నప్పుడు, జ్వరం అన్నప్పుడు, తల దించలేను అన్నప్పుడు లేచి చూడని ముఖాలన్నీ ఇప్పుడు లేచి ఆమె వైపు చూశాయి. "ఏంది? అసలే వస్తలేదా?" అని భూమన్న రెండుసార్లు అడిగాడు. బావి ఎండిందని విన్నవాడిలా అడిగాడు. మరునాటి పొద్దున మొదటి బస్సుకు పెద్దపల్లి బయలుదేరదీశాడు. ఆ పొద్దున అద్దంలో ఎడమ రెప్ప ఉబ్బి ఉంది. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినా ఆమె అక్కడ కూర్చోలేదు.

పెద్దపల్లిలో ఒక డాక్టరమ్మ ఉన్నది. ఆంధ్రప్రదేశ్ అయ్యాక గుంటూరు దిక్కు నుంచి వచ్చిందట. ఆమె అనసూర్యను వెలుతురుకు తిప్పి, బుగ్గ ఎముక మీద, కనుబొమ్మ మీద వేలితో నొక్కింది. ఎడమ వైపు నొక్కినప్పుడు అనసూర్య బల్ల పట్టుకుంది. సర్ది తగ్గి మళ్లీ ఎక్కువైందా, వంగితే పెరుగుతుందా, ఒక ముక్కులోంచే చీములా వస్తుందా, పై పళ్లు సలుపుతున్నాయా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ అవునని తల ఊపుతుంటే అనసూర్య కళ్లలో నీళ్లు తిరిగాయి. తన నొప్పిని చూడకుండానే ఇన్ని ఆనవాళ్లు చెప్పే మనిషి ఒకతె లోకంలో ఉన్నది. మరి తారాబాయికి ఎందుకు దొరకలేదు?

డాక్టరమ్మ నోరు తెరిపించి పన్ను పీకిన చోటు చూసింది. తర్వాత భూమన్న వైపు తిరిగి చెప్పింది. "ఈ బుగ్గ ఎముక లోపల చిన్న గదిలా ఖాళీ ఉంటుందండీ. దాని గుమ్మం ముక్కులోకి. జలుబుకి ఆ గుమ్మం వాచి మూసుకుపోయింది, లోపల చీము నిలిచిపోయింది. ఆ గది కింద ఉన్నాయి కాబట్టి పళ్లు నొప్పి పెట్టాయి. పన్నుకి ఏ రోగమూ లేదు. అన్ని జలుబులకీ సూదులు అక్కర్లేదు, చాలామందికి ఆవిరితో, విశ్రాంతితోనే తగ్గిపోతుంది. కానీ ఈమెకి కంటి దాకా వచ్చింది. ఇంకా ఆలస్యం చేసుంటే కన్ను పోయేది. అక్కడి నుంచి మెదడుకి పాకితే మనిషే దక్కదు."

ఆ తర్వాత ఏమేం చెయ్యాలో అనసూర్యకే చెప్పింది. ఆ పూటంతా అక్కడే ఉంచి పెన్సిలిన్ సూది వేసి, రెప్ప మరింత ఉబ్బడం లేదని చూసుకున్నాకే పంపింది. మిగిలిన సూదులు రోజూ మంథని దవాఖానలో కంపౌండర్ వేస్తాడు. ముక్కులో చుక్కలు వేసుకోవాలి. వేడినీళ్ల ఆవిరి పట్టాలి. నీళ్లు బాగా తాగాలి. ముక్కు గట్టిగా చీదకూడదు. నస్యం దగ్గరికి రానివ్వకూడదు. వంగే పని వద్దు. "నొప్పి తగ్గిందని మధ్యలో మానొద్దమ్మా. సగంలో వదిలేస్తే మళ్లీ తిరగబెడుతుంది. అన్ని సూదులూ పడాలి. కన్ను మళ్లీ వాచినా, ఒకటి రెండుగా కనబడినా, మెడ బిగుసుకున్నా ఆ నిమిషమే బస్సెక్కు."

భూమన్న అంతా విన్నాడు. చేతులు కట్టుకుని వినయంగానే విన్నాడు. విని ఒకటే అడిగాడు.

"వాసన ఎప్పుడొస్తదమ్మా?"

డాక్టరమ్మ అతని వైపు చూసింది, అనసూర్య వైపు చూసింది. వాపు తీస్తే వస్తుంది, కొందరికి త్వరగా, కొందరికి ఆలస్యంగా అన్నది. అతను ఊపిరి పీల్చుకున్నాడు. కన్ను సంగతి, మెదడు సంగతి అతని చెవిన పడ్డాయి, పడలేదని కాదు. పడి, అవతలికి పోయాయి.

రెండు మూడు సూదులకే జ్వరం దిగింది. రెప్ప పల్చబడింది. బుగ్గలోంచి చీము కదిలి బయటికి రావడం మొదలైంది. అనసూర్యకు తల తన తలలా అనిపించి ఎన్నాళ్లయిందో. ఆవిరి పడుతూ దుప్పటి కింద ఒంటరిగా కూర్చునే ఆ కాసేపు, పెళ్లయ్యాక ఆమె ఒక్కతే కూర్చున్న మొదటి కాసేపు. కానీ దుప్పటి బయట లెక్కలు మారాయి. పడుగుకు మనిషి తక్కువైంది. కండెలు దేవవ్వ చుట్టాల్సి వస్తోంది. కన్ను తగ్గింది గదా, ఇగ సూదులెందుకు అని భూమన్న అన్నాడు. అన్నీ పడాలన్నది డాక్టరమ్మ అని ఆమె అంటే, కాసేపు ఆలోచించి, అతను తన తీర్పు చెప్పాడు. "సరే. వాసన వచ్చిందంటే రోగం పోయినట్టే. గా రోజు నుంచి సూదులు బంద్. పడుగు మీదికి రావాలె."

అలా గరిటె మళ్లీ వచ్చింది. ఇప్పుడు పరీక్ష గంజికి కాదు, ఆమెకు. ప్రతి పొద్దునా దేవవ్వ ముక్కు కింద పెట్టేది. "వస్తుందా?" "రాలే." దేవవ్వ నిట్టూర్చి పోయేది. నాలుగో పొద్దో అయిదో పొద్దో, ఆమె పోకుండా గరిటెతోనే పక్కన కూలబడింది.

"నాకు గూడ గిట్లనే పోయింది" అన్నది. "భూమన్న కడుపుల ఉండంగ. బుగ్గ ఉబ్బింది, చీము కారింది. ఎవ్వలకు చెప్పుడు? మా అత్త గిదే నస్యం పెట్టింది. నొప్పి ఎప్పుడో పోయింది, దానితోనే వాసన గూడ పోయింది. మళ్ల రాలే."

అనసూర్య పక్కలో లేచి కూర్చుంది.

"పిల్లగాండ్ల నెత్తి వాసన మంచిగుంటదంటరు" అన్నది దేవవ్వ, డబ్బీ మూత తీస్తూ. "నలుగుర్ని కన్న. నాకు తెల్వదు." చిటికెడు పీల్చి, కళ్లు తుడుచుకుని, మరుక్షణం మామూలు దేవవ్వ అయిపోయింది. "పోతే పోయింది. ముక్కు లేదని పొయ్యి ఆగిందా? నీకేమో సూదులు, ఆవిర్లు. మా కాలంల గీ షోకులున్నయా?" అని లేచింది.

ఆ వంగిన వీపు లోపలికి పోతుంటే అనసూర్య చూస్తూ ఉండిపోయింది. అత్త మీద జాలి కలిగింది. కానీ జాలి వెనకే భయం పట్టుకుంది. సూదులు సగంలో ఆగి రోగం కన్ను దాటితే తారాబాయి. ఎలాగో బతికి బట్టకట్టినా, రోగం లోపలే ఇంకిపోతే దేవవ్వ. తనకు తెలిసిన ఆడవాళ్లకు ఇప్పటిదాకా ఉన్న దారులు ఆ రెండే.

ఆ మధ్యాహ్నం నర్మదను ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాస్తోంది. పాప ఆడి ఆడి వచ్చింది, నెత్తంతా చెమట. పాయ తీద్దామని ముఖం దగ్గరగా పెట్టినప్పుడు, ఎక్కడో దూరాన ఎవరో తలుపు తెరిచినట్టు, సన్నగా ఏదో తగిలింది. కొబ్బరినూనె. దాని కింద ఎండ, దుమ్ము. అన్నిటికన్నా కింద, పాలు మరిగేటప్పటి ఆవిరిలాంటి పిల్ల వాసన. అనసూర్య చెయ్యి ఆగిపోయింది. "అవ్వా, రాయవే" అని నర్మద తల్లి చేతి కింద తల ఊపింది. ఆమె పాప నెత్తి మీద ముక్కు ఆనించి, గట్టిగా పీలిస్తే ఎక్కడ పోతుందోనని భయంభయంగా, కొద్దికొద్దిగా పీల్చింది. నడివాకిట్లో దేవవ్వ రాట్నం తిప్పుతూనే ఉంది. మగ్గం టకటకా ఆడుతూనే ఉంది. అనసూర్య కళ్లు తుడుచుకుని జడ వేసింది. ఎవరికీ చెప్పలేదు.

మరునాడు పొద్దున కొత్త పడుగు. వీధిలో గుంజలు బిగించారు. రామవ్వ ఇంటివాళ్లు సాయానికి వచ్చి, ఇంకా తగ్గని సర్దికి ముక్కులు చీదుకుంటూ నిలబడ్డారు. భూమన్న కుంచె పట్టుకుని గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఇంకా కొన్ని సూదులు మిగిలి ఉన్నాయి. దేవవ్వ గరిటె తెచ్చింది.

ముక్కు కిందికి రాకముందే వాసన వచ్చింది. దాటిపోయిన గంజి. అడుగున కుళ్లు పట్టిన పులుపు, ఘాటుగా, పొరపడడానికి వీల్లేనంత స్పష్టంగా. పదేళ్లుగా ఆమె నోటి చివర ఉండే మాట తనంతట తానే నాలుక మీదికి వచ్చింది. అనసూర్య దాన్ని పళ్ల మధ్య ఆపింది, పన్ను లేని చోట కూడా. ఈ పడుగు తెగుతుంది. తెగితే ముడి వేస్తారు. కూర్చుని, తిట్టుకుంటూ, ఒక్కొక్క పోగూ వెతికి ముడి వేస్తారు. తారాబాయికి ఎవరూ వెయ్యలేదు.

"వస్తుందా?" అన్నది దేవవ్వ. కొడుకు కూడా ఒక అడుగు ముందుకు వేశాడు.

"రాలే అత్తా" అన్నది అనసూర్య.

భూమన్న విసుగ్గా వెనక్కి తిరిగి, రామవ్వ ఇంటివాళ్లకు మొదలుపెట్టమని చెయ్యి ఊపాడు. అనసూర్య తలకు శాలువా చుట్టుకుని, సూది కోసం దవాఖాన దారి పట్టింది. వంగిన నడుముల పక్క నుంచి నిటారుగా నడిచింది. వీధి మలుపు దాకా ఆ కుళ్లిన పులుపు ఆమె వెంటే వచ్చింది. ఆమె దాన్ని రెండు ముక్కుల్లోంచీ నిండుగా పీల్చుకుంటూ పోయింది.